పలకని పైపు

ఆత్మకూరు నీటి సరఫరా ఆఫీసు నోటీసు బోర్డు మీద ఆ కాగితం చదివినప్పుడు వచ్చిన కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా దిగలేదు. "యంత్ర పరీక్షలో పైపులో లోపం లేదని తేలినది. కావున నీటి కొరతకు దొంగతనమే కారణమని నిర్ధారణ అయినది." కింద డిప్యూటీ ఇంజనీరు, అంటే డీఈ, సురేంద్రబాబు సంతకం, దాని మీద ఆఫీసు ముద్ర.

ఆ యంత్రం నాది. అంటే మా మద్రాసు కంపెనీది. కానీ దాన్ని పైపుకు తగిలించింది నేను, అది గీసిన గీతలు చదివింది నేను, ఇంగ్లీషులో రిపోర్టు రాసిచ్చింది నేను. అందులో నేను రాసింది "పరీక్ష అందిన మేరకు లోపం కనపడలేదు" అని. దాన్ని తెలుగు చేసిన మహానుభావుడెవరో ముందు సగం మింగేసి, వెనక సగంలో 'కనపడలేదు' కొట్టేసి 'లేదు' పెట్టాడు. ఉప్పు డబ్బా కనపడలేదని నేనంటే మా అమ్మ ఇంట్లో ఉప్పు లేదని ఎన్నడూ అనుకోలేదు. సరిగ్గా వెతకవే అని నెత్తిన మొట్టేది.

ఆ ఒక్క మాట పుణ్యమా అని, అప్పటికే పోలీసు స్టేషన్ వరండాలో కూర్చోబెట్టిన ఒక మనిషి దొంగగా నిర్ధారణ అయిపోయాడు. పేరు పెంచలనరసయ్య. ఎగువపాళెంలో గొర్రెలు మేపుకునే మనిషి. పైపును గడ్డపారతో పొడిచి నీళ్ళు దొంగిలించాడని ఆయన మీద ఆరోపణ. నా రిపోర్టు ఆ నోటీసు రూపంలోనే కోర్టుకు పోతే ఆయన జైలుకు పోతాడు.

అది తొంభై తొమ్మిది వేసవి. ఆత్మకూరు పక్కన పెన్న నీళ్ళు తోడి ఉదయగిరి వైపు మెట్ట ఊళ్ళకు పంపే పెద్ద ఇనప పైపు అది. ఆ ఊళ్ళలో బోరు నీళ్ళు తాగితే పిల్లల పళ్ళు పసుపుపచ్చగా మారతాయి, నడి వయసు రాకుండానే మోకాళ్ళు బిగుసుకుపోతాయి. అందుకని పెన్న నీళ్ళు వచ్చిన రోజు జనం కుళాయికి పసుపు కుంకుమ పెట్టారు. తుప్పు పట్టకుండా పైపుకు తారు పూసి, తారులో ముంచిన గుడ్డ చుట్టి భూమిలో పూడ్చారు. కొన్నేళ్ళు బాగానే నడిచింది. ఆ వేసవిలో చివరి ఊళ్ళకు నీళ్ళు తగ్గిపోయాయి, తర్వాత అసలు రాలేదు.

ఎగువపాళెం పక్కన ఒక వాగు ఉంది. ఏప్రిల్లో అందులో ఇసక తప్ప ఏమీ ఉండదు. అలాంటి వాగులో పెంచలనరసయ్య చెలమ తవ్వాడు. చెలమంటే ఇసకలో చేత్తో తీసిన గుంత, నీళ్ళు ఊరితే ముంచుకోవడానికి. ఆయన అదృష్టమో దురదృష్టమో, నీళ్ళు ఊరాయి. గొర్రెలు తాగాయి. ఆఫీసు జీపులో పోతున్న సురేంద్రబాబు అది చూశాడు. ఇంత ఎండలో వాగులో నీళ్ళా, కిందనే మన పైపు ఉంది కదా అన్నాడు. ఇంతవరకు సరిగ్గానే ఆలోచించాడు. తర్వాత ఆలోచించడం మానేసి పెంచలనరసయ్యను అదే జీపులో ఎక్కించి స్టేషన్లో దించాడు.

కేసు గట్టిగా నిలబడాలంటే పైపు తనంతట తాను పాడవలేదని ఎవరైనా చెప్పాలి. అందుకు మా కంపెనీని పిలిచారు. ఆత్మకూరు అమ్మాయి, ఆ పక్క మాట తెలుసు అని మావాళ్ళు నన్ను పంపారు.

ఇంగ్లండు నుంచి తెప్పించిన మా మిషను పనిచేసే తీరు కొంచెం చెప్పాలి. పైపు చుట్టూ ఒక పట్టీ బిగిస్తాం. పట్టీ లోపల వరసగా ఉన్న చిన్న చిన్న బిళ్ళలు పైపు ఇనుమును సన్నగా వణికిస్తాయి. చెవికి వినపడని ఆ వణుకు పైపు గోడ వెంబడి అటూ ఇటూ పరిగెత్తుతుంది. దారిలో రెండు పైపు ముక్కల్ని కలిపిన అతుకు తగిలినా, తుప్పు తిన్న చోటు తగిలినా కొంత వెనక్కి తిరిగొస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో చూసి ఎంత దూరంలో తగిలిందో చెబుతాం. పైపంతా తవ్వనక్కర్లేదు, ఒక చోట గుంత తీస్తే చాలు. అయితే ఇది ఒంటి మీద బట్టలేని పైపు సంగతి. తారుగుడ్డ చుట్టిన పైపులో ఆ వణుకును తారు తాగేస్తుంది. కొన్ని బారల దూరం పోయేసరికి చచ్చిపోతుంది.

సురేంద్రబాబు గుంత తీయించింది తారురోడ్డు పక్కన. జీపు నీడలో నిలబడొచ్చు కదా.

"ఇక్కడి నుంచి వాగు దాకా అందదు సార్. వాగు ఒడ్డున ఇంకో గుంత తీయించండి," అన్నాను.

"ఈ ఎండలో ఆడ దాకా ఎవురు పోతారమ్మా? నీ మిషను ఇంగ్లండుది గదా, అదే పోతాది," అన్నాడు ఆయన. పక్కనున్న వాళ్ళు నవ్వారు.

ఎగువపాళెం ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో గుంత చుట్టూ చేరారు. నేను పట్టీ బిగిస్తుంటే శీనమ్మ అనే ముసలావిడ నోరు ఊరుకోలేదు. "గాజులు తొడగతా ఉండావు, పైపుకు సీమంతమా ఏంది అమ్మణ్ణీ? ఎన్నో నెల?" అంది. అందరూ విరగబడి నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వనిది ఒక్కతే. పెంచలనరసయ్య భార్య మస్తానమ్మ.

"నీ మిషను చెప్తే మా ఆయన్ని ఇడిచిపెడతారా పాపా?" అని అడిగింది.

"మిషను ఉన్నది ఉన్నట్టు చెప్తాదక్కా," అన్నాను.

అది ఉన్నది ఉన్నట్టే చెప్పింది. మొదటి అతుకు నీరసంగా కనపడింది. రెండో అతుకు ఊసే లేదు. ఆ తర్వాతంతా చదునైన గీత. తారు బాగా తాగేస్తోంది, వాగు దాకా పరీక్ష చేరలేదు అని సురేంద్రబాబుకు నోటితో చెప్పాను, రిపోర్టులో రాశాను. సరే సరే అన్నాడు. తిరుగు ప్రయాణంలో మిషను పెట్టెను జీపు ముందు సీట్లో, కింద తువ్వాలు మడతపెట్టి, తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నన్ను వెనక పలుగూ పారల పక్కన ఎక్కమన్నాడు.

ఆ పరీక్ష ఫలితమే బోర్డు మీది నోటీసు.

కాగితం బోర్డు నుంచి పీకి తిన్నగా సురేంద్రబాబు గదిలోకి పోయాను. వరండాలో మస్తానమ్మ, శీనమ్మ, ఇంకా కొందరు ఎగువపాళెం వాళ్ళు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. పొద్దుటి నుంచీ ఉన్నారట. ఎవరూ లోపలికి పిలవలేదట. సురేంద్రబాబు ఫ్యాను కింద, నెల్లూరు నుంచి ఫ్లాస్కులో తెచ్చుకున్న నీళ్ళు తాగుతున్నాడు.

"సార్, నేను రాసింది ఒకటి, మీరు అంటించింది ఒకటి."

"తెలుగులో రాస్తే అట్టనే ఉంటాదమ్మా. కనపళ్ళేదంటే లేనట్టే గదా."

"రెండో అతుకు కూడా కనపళ్ళేదు సార్. అంటే అతుకు లేదా? అతకకుండానే పైపు ఉదయగిరి దాకా పొయ్యిందా?"

పక్క గదిలో టైపు మిషను ఆగిపోయింది. సురేంద్రబాబు ఫ్లాస్కు మూత బిగించాడు.

"టెక్నికల్ సంగతులు జనం ఇనేటట్టు మాట్లాడబాక. నీ మిషను కొట్టింది, పైపు పలకలా. పలకలేదంటే లోపం లేదు. అంతే."

పలకలా అన్నాడు. సరిగ్గా ఆ మాటే అన్నాడు. నా కళ్ళు వరండాలో ఉన్న మంచినీళ్ళ కుండ మీద పడ్డాయి. ఎండాకాలం నీళ్ళు చల్లగా ఉండాలని అటెండరు ఓబులయ్య దాని చుట్టూ గోనెపట్టా బిగించి పురికొసతో కట్టాడు. ఆఫీసు కుళాయి మరమ్మతులో ఉంది కాబట్టి కుండ ఖాళీ. గోనె ఎండి అట్టకట్టుకుపోయింది. నీళ్ళ ఆఫీసులోనే నీళ్ళు లేవు. ఆ కుండను ఎత్తుకొచ్చి సురేంద్రబాబు టేబిలు మీద, ఫైళ్ళ మీద దించాను.

"కొట్టి చూడండి సార్. మంచి కుండా, పగిలిందా?"

మా పక్క కుండను వేలితో కొట్టకుండా కొనే మనిషి పుట్టలేదు. ఎంత డీఈ అయినా చెయ్యి ఊరుకోదు. ఆలోచించే లోపలే వేలు మడిచి ఒకటి కొట్టాడు. దబ్ మంది.

"పగిలిన కుండ. పలకలా," అన్నాడు.

గుమ్మంలో ఉన్న ఓబులయ్య కంగారు పడ్డాడు. "మొన్ననే తెచ్చినా సార్, కొత్త కుండ. అన్నేయంగా అనబాకండి."

నేను పురికొస తెంపి గోనెపట్టా లాగేశాను. వేలితో కొట్టాను. కుండ ఖంగుమని గది నిండా పలికింది.

"కుండ పలకలేదంటే పగిలింది అన్నారు. పైపు పలకలేదంటే బాగుండాది అన్నారు. మీకు ఏది కావాలంటే అదా సార్? కుండ నోరు మూసింది గోనె. పైపు నోరు మూసింది తారుగుడ్డ. గుడ్డ కప్పేసరికి మంచి కుండ మీకు పగిలిన కుండ అయిపోయింది. తారు కప్పేసరికి పాడైన పైపు మంచి పైపు అయిపోయింది. దాంట్లో ఒక మనిషి దొంగ అయిపొయినాడు."

ఇంత గట్టిగా అరుస్తున్నానని నాకు తెలియలేదు. వరండాలో వాళ్ళంతా లేచి గుమ్మం దగ్గరికి వచ్చారు. సురేంద్రబాబు ముఖం ఎర్రబడింది. జనం ముందర వేలు పెట్టి కొట్టినవాడు తనే కదా, ఎవరి మీద అరవాలో తోచలేదు.

"తవ్వితే, ఏమీ లేకపోతే?" అన్నాడు చివరికి.

"ఏమీ లేకపోతే ఈ నోటీసు కింద నేను కూడా సంతకం పెడతా. ఈ పిల్ల పనికిరాదని మా కంపెనీకి రాసుకోండి."

అన్న తర్వాత మస్తానమ్మ ముఖం చూశాను. నా ఉద్యోగం పోతే ఇంకొకటి దొరుకుతుంది. నేను పందెం కాసింది ఆమె మొగుణ్ణి. తారుగుడ్డ కింద ఏముందో నాకు మాత్రం ఏం తెలుసు? కనపడలేదు, అంతే కదా.

ఆమె నా వైపు చూడలేదు. సురేంద్రబాబునే చూస్తూ, "తవ్వండి సార్. ఆయన పొడవలా. యాడన్నా తవ్వుకోండి," అంది.

గుమ్మం నిండా జనం. ఆయన లేచి జీపు తీయమన్నాడు.

వాగు ఒడ్డున కాంట్రాక్టరు మనుషులే గుంత తీశారు. ఊరివాళ్ళ చెయ్యి పడకూడదని నేనే గట్టిగా చెప్పాను. రేపు ఆ పలుగు పోటు కూడా వీళ్ళ నెత్తిన పెట్టగలరు. పైపు బయటపడింది. పట్టీ పట్టేంత మేర తారు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్దాను. ఎండకు తారు మెత్తబడి గోళ్ళలోకి పోయింది. గొర్రెలు చెలమ చుట్టూ నిలబడి మమ్మల్ని చూస్తున్నాయి. శీనమ్మ కర్ర పట్టుకుని వాటిని అదిలిస్తోంది. ఈసారి సీమంతం మాట ఎత్తలేదు.

పట్టీ బిగించి మీట నొక్కాను. గీత కదిలింది. దగ్గరి అతుకు బాగా కనపడింది. అతుకుకు ముందు, ఏ అతుకూ ఉండకూడని చోట, గీత మొద్దుగా లేచింది. నమ్మకం చాలక మళ్ళీ నొక్కాను. మళ్ళీ అక్కడే లేచింది.

"పలికింది," అన్నాను. "చెలమకు కాస్త ఎగువన. అక్కడ తవ్వండి."

ఇసక తీసేకొద్దీ తడి, తర్వాత బురద, తర్వాత ఊట. నల్లటి తారుగుడ్డ చుట్టిన పైపు వీపు కనపడింది. పలుగులు పక్కన పడేయమని చెప్పి సురేంద్రబాబును పిలిచాను. ఆయన బూట్లు చూసుకుంటూ నిలబడ్డాడు.

"దిగండి సార్. ఎవరూ ముట్టకముందు మీరే చూడండి. గుడ్డ మీద ఎక్కడన్నా దెబ్బ ఉండాదా?"

దిగాడు. పైపు చుట్టూ చేత్తో తడిమాడు. కింద కూడా చెయ్యి దూర్చి తడిమాడు. ఒక చోట గుడ్డ ఉబ్బి మెత్తగా ఉంది. అంతే తప్ప చీలిక లేదు, గీత లేదు, పోటు లేదు.

"లేదు," అన్నాడు.

"అందరికీ వినపడేటట్టు చెప్పండి."

"గుడ్డ మీద దెబ్బ లేదు," అన్నాడు గట్టిగా, పళ్ళు బిగించి.

కత్తి ఆయన చేతికే ఇచ్చాను. ఉబ్బిన చోట కోశాడు. ఎర్రటి నీళ్ళు ఒక్కసారిగా చిమ్మి ఆయన చొక్కా తడిపేశాయి. గుడ్డ తొలగిస్తే లోపల ఇనుము పొరలు పొరలుగా లేచి ఉంది. మధ్యలో బొటనవేలు పట్టేంత చిల్లు. పూత పూసినప్పుడు ఇనుముకు అంటుకోకుండా ఎక్కడో సందు ఉండిపోయింది. అందులో చేరిన తడి లోలోపలే ఇనుమును తినేసింది. చిల్లులోంచి వచ్చిన నీళ్ళు గుడ్డ చుట్లు ఒకదాని మీద ఒకటి పడే చోట మెల్లగా ఇసకలోకి కారుతున్నాయి. పైన ఎవరికీ తెలియలేదు. తెలిసింది గొర్రెల కోసం చెలమ తీసిన మనిషికి, అదీ వాగమ్మ కనికరించిందని అనుకున్నాడు.

"గడ్డపార పైన గుడ్డను వదిలిపెట్టి, లోపల ఇనుమును మాత్రం పొడుస్తాదా సార్?" అని అడిగాను.

ఆయన ముఖం తుడుచుకున్నాడు. "పూత పని చేసినోణ్ణి అడగాల," అన్నాడు. వాల్వు కట్టేయమని మనిషిని పంపాడు. రేపు అతుకు వేయిద్దామన్నాడు. ఇంకేవో చెబుతున్నాడు. పెంచలనరసయ్య పేరు మాత్రం ఆ నోటి నుంచి రాలేదు.

"ముందు స్టేషనుకు పోదాం పదండి."

"పోదాంలేమ్మా. రిపోర్టులో లోపం కనపడిందని రాసెయ్యి. ఆయన పేరు ఎందుకు మళ్ళా, అనవసరంగా?"

అనవసరమట. దొంగ అని రాసేటప్పుడు అవసరమైన పేరు, దొంగ కాదు అని రాసేటప్పుడు అనవసరమైపోయింది. చెంప పగలగొట్టాలనిపించింది. పగలగొట్టలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఇసకలో చతికిలబడి, మిషను పెట్టె మీద కాగితం పెట్టుకుని, ఈసారి తెలుగులోనే రాశాను. మళ్ళీ ఎవడూ తెలుగు చేయనక్కర్లేకుండా. తుప్పు వల్ల చిల్లు పడింది, తారుగుడ్డ మీద ఏ పనిముట్టు దెబ్బా లేదు, పెంచలనరసయ్య పైపును పొడవలేదు. సురేంద్రబాబు చదివి, చుట్టూ నిలబడ్డ జనాన్ని చూసి, తడి చేత్తో సంతకం పెట్టాడు.

సురేంద్రబాబు ఆఫీసు దగ్గర దిగిపోతే, నేనూ మస్తానమ్మా జీపులో స్టేషనుకు పోయాం. అక్కడ పెద్దగా మాటలు జరగలేదు. కాగితం చూశారు, పొమ్మన్నారు. అంత తేలిగ్గా వదిలేస్తారని తెలిసేసరికి నాకు ఇంకా మండింది. అంత తేలికైన పనికి ఇన్నాళ్ళా?

పెంచలనరసయ్య తలపాగా చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు. సన్నటి మనిషి, గడ్డం మాసి ఉంది. నేను ఎదురుపోయాను. పట్టరాని సంతోషంగా ఉంది, దాచను. నేనే విడిపించుకొచ్చాను అన్న గర్వం కూడా ఉంది.

"పైపు పలికింది పెద్దాయనా. నువ్వు పొడవలేదని తేలిపోయింది," అన్నాను.

ఆయన తలపాగా విప్పి దులిపి, నిదానంగా మళ్ళీ చుట్టుకున్నాడు.

"నేను గూడా పలికినా గదమ్మా," అన్నాడు. "పట్టకచ్చిన దినమే పలికినా, నేను పొడవలా అని. రోజూ అదే చెప్పినా. ఇంకో మాట చెప్పలా."

ఇనుము సంగతి ఇనుమునే అడగాలని మద్రాసు నుంచి మిషను తెప్పించారు. మనిషి సంగతి మనిషిని అడిగి, చెప్పింది నమ్మడానికి మాత్రం ఎవరికీ ఓపిక లేకపోయింది. నేను వచ్చిన మొదటి రోజు నాకైనా స్టేషనుకు పోయి ఆయన్ని చూడాలని తోచలేదు కదా అనుకుంటే, ఆ కోపం ఎటు పోవాలో తెలియక నాలోనే నిలిచిపోయింది.

ఆయన మస్తానమ్మ వైపు తిరిగాడు. "గొర్రెలు యాడుండాయే?"

"చెలమ కాడ. వాల్వు కట్టేసినారు, ఊట నిలిచిపొయ్యింది," అంది ఆమె.

ఆయన తల ఊపాడు. జీపు ఎక్కండి, ఎగువపాళెంలో దించుతాను అన్నాను. ఆయన జీపు వైపు చూశాడు. దాంట్లోనే ఆయన్ని తెచ్చారు.

"వద్దులేమ్మా, నడిచి పోతాం," అన్నాడు.

మొగుడూ పెళ్ళాం రోడ్డు దిగి, ఉదయగిరి దుర్గం కొండ వైపు అడ్డదారిన పోయారు. నేను జీపు ఎక్కాను. ముందు సీట్లో తువ్వాలు మడత మీద మిషను పెట్టె భద్రంగా కూర్చుని ఉంది. దారి గతుకులుగా ఉంటుందమ్మా, దాన్ని కాస్త పట్టుకోండి, దెబ్బ తగిలితే ఎవరు జవాబు చెప్పాలి అన్నాడు డ్రైవరు.